గుండు, బద్ద, ముక్క

పలాసలో కథకి కాలం ఉండదు,
తూకం ఉంటుంది.
పొద్దున్న ఎనిమిదికి మొదలెట్టిన రాజు
సాయంత్రం కాటా దగ్గరికి బుట్టలు చేరేలోపు
చచ్చినా బతికినా సరే, అయిపోవాలి.

బాయిలరు దగ్గర మగాళ్ళు, రోజు కూలి.
పీలింగు బల్ల దగ్గర ఆడవాళ్ళు, కిలో లెక్క.
గుండు పప్పుకి ఒక రేటు, బద్దకి ఒక రేటు,
ముక్కకి సేటు తిట్లు.
బల్ల కింద నేను,
జీడిపిక్కల సంచి మీద, ఐదేళ్ళవాణ్ణి,
పైనుంచి రాలే పొట్టునీ మాటల్నీ
నెత్తిన పోసుకుంటూ.

తౌడమ్మత్త మొదలెట్టేది.
అనగనగా ఏడంతస్తుల రాతికోట,
పై అంతస్తులో రాజు కూతురు,
గుమ్మంలో రాక్షసుడు.
గుర్రమెక్కి ఒకడొస్తాడు.

"వొస్తాడు, రాక ఏటి సేస్తాడు"
అనేది దాలమ్మ, పప్పు మీంచి చూపు తియ్యకుండా.
"ఏడంతస్తులూ ఎక్కి ఆ బొట్టెకి నీలు మోసిందెవులే?"

ఆ ఒక్క మాటకి గుండులాంటి కథ బద్దయింది.
నీళ్ళు మోసే మనిషి పుట్టింది.
మర్నాటికి ఆమెకి మోకాళ్ళ నొప్పులు.
వారం తిరిగేసరికి మొగుడు, వాడి తాగుడు,
కోట వెనక చిన్న పాక.
రాక్షసుడు కూడా ఆవిడ దగ్గరే
పది రూపాయలు బదులు అడిగాడు.
రాజు కూతురు పైన ఎదురుచూస్తూనే ఉంది.
ఆ పిల్ల ఊసు ఇంక ఎవరికీ పట్టలేదు.

మా అమ్మ మాట్లాడేది కాదు.
నోరు ఆడితే చెయ్యి ఆగుతుంది,
చెయ్యి ఆగితే కిలో తగ్గుతుంది.
ఒక్కసారే అంది:
"ఆ గుర్రం పొద్దున్న ఏటి తిందో?"
అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.
ఆ రోజునుంచి కథలో నాకు పని దొరికింది.

పొట్టు పోగేసి సంచికి తినిపిస్తుంటే
బాయిలరు పోలయ్య మావ చూశాడు.
"మగ గుంటడివి, కత్తి పట్రా" అని
కొబ్బరిమట్ట చెక్కి ఇచ్చాడు.
మంచివాడే. మసి చేతుల్తో చాలాసేపు చెక్కాడు.
ఆ కత్తితో నేను గుర్రానికి దాణా కలిపాను.

ఇప్పుడు నా కూతురు లోహితకి
కాశీబుగ్గ బడిలో బహుమతిగా వచ్చిన రంగుల పుస్తకం.
అందులో రాజు కూతురే కత్తి దూస్తుంది,
రాక్షసుడి తల తెగ్గొడుతుంది,
పెళ్ళి వద్దని గుర్రమెక్కి వెళ్ళిపోతుంది.
నాకు నచ్చింది. నిజంగానే నచ్చింది.
లోహిత మంచమెక్కి తలగడని మూడుసార్లు నరికింది.

అమ్మ గోడకి చేరబడి వింది.
ఆ పొద్దున్నే రేషను డిపోలో
మిషను మీద బొటనవేలు పెట్టి, తుడిచి, మళ్ళీ పెట్టి,
పది వేళ్ళూ అయ్యాక
ఉత్త సంచితో తిరిగొచ్చింది.
జీడినూనె ముప్ఫై ఏళ్ళుగా గీతలన్నీ తినేసింది.
పుస్తకం అట్ట మీద రాసినవాళ్ళ పేరుంది.
తౌడమ్మత్త కథ మీద ఎవరి వేలిముద్రా లేదు.

"బాగుందే అమ్మా," అంది అమ్మ,
"మరి ఆ నెత్తురు కడిగిందెవులు?"

లోహిత కత్తి దించింది.
పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది,
మెట్లన్నీ వేలితో వెతికింది.
పెన్సిలు తెచ్చి నాలుగో మెట్టు మీద
ఒక మనిషిని వేసింది. చేతిలో బాల్చీ,
పాదాలు మాత్రం చాలా పెద్దవి.
ఆడో మగో తెలీదు. అడిగితే
"ఇంకా అనుకోలేదు" అంది.

అమ్మ ఆ బాల్చీ మీద బొటనవేలు ఆనించింది.
పెన్సిలు మసి చెదిరి
గీతల్లేని నున్నటి మచ్చ ఒకటి పడింది.
"ఇదేంటి నాన్నమ్మా?"
"నీలు."

లోపల కుక్కరు మూడో కూత వేసింది.
పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక
లేచి వెళ్ళాను.